బుద్ధిమంతుడి ఉంగరం

2024 వేసవిలో మా వదిన, అంటే మా వారి అక్కగారు, పదిరోజులు మా ఇంట్లో ఉండి వెళ్లింది. ఆవిడకి టీవీ చూడడం పడదు గానీ, టీవీ చూసేవాళ్లని చూడడం మహా సరదా. ఒక మధ్యాహ్నం కార్తీకానికి ఇప్పట్నించే వత్తులు చేసిపెట్టుకుంటూ, మా అమ్మాయి భుజంమీదుగా తెరకేసి ఓ చూపు చూసి, "ఆ కుర్రాడెవడే? ఎంత బుద్ధిమంతుడు! తండ్రి వెళ్లమనగానే మారుమాటాడకుండా గదిలోకి వెళ్లిపోయాడు. మన ఇళ్లలోనూ ఉన్నారు పిల్లలు, ఎందుకూ!" అంది.

ఆ ఎందుకూ పనికిరాని పిల్లకి అప్పటికి పదమూడేళ్లు. తల తిప్పకుండానే జవాబిచ్చింది.

"వాడు బుద్ధిమంతుడు కాదత్తయ్యా. వాళ్ల నాన్న చేతికి ఉంగరం ఉంది."

మా వదినకి అర్థం కాలేదు. "ఉంగరం ఉంటే ఏవిటిట?" అని నన్నడిగింది. నాకూ సరిగ్గా తెలియదు. తెలుసుకుందామని ఆ రాత్రి కూచున్నాను. కూచున్నదాన్ని వారంపాటు లేవలేదు. నా నవల రెండు ప్రకరణాలు వెనకబడింది. దానికి నాకేమీ విచారం లేదు.

సంగతేమిటంటే, అది ఫ్రెంచివాళ్లు తీసిన పిల్లల బొమ్మల సీరియల్. థామస్ అస్ట్రూక్ అనే ఆయన సృష్టి. 2015లో మొదలైంది. పేరు 'మిరాక్యులస్'. పారిస్‌లో రొట్టెలూ కేకులూ చేసి అమ్ముకునే వాళ్ల అమ్మాయి మారినెట్. ఆ పిల్లకి చెవిపోగులు ఒక జత దొరుకుతాయి. అవి పెట్టుకుంటే ఎర్రటి దుస్తులమీద నల్లచుక్కలతో 'లేడీబగ్' అయిపోతుంది. మన పొలాల్లో అక్షింతల పురుగు అంటారే, అదన్నమాట. ఆమెతోపాటు పోరాడేవాడు నల్లపిల్లి వేషంలో ఉండే 'క్యాట్ నువార్'. అతను అసలు మారినెట్ తరగతిలోనే చదివే అడ్రియన్. మారినెట్‌కి అడ్రియన్ అంటే ప్రాణం. నల్లపిల్లికి లేడీబగ్ అంటే ప్రాణం. ఎవరు ఎవరో ఒకరికొకరికి తెలియదు. ఉన్నది ఇద్దరే అయినా జంటలు నాలుగు! ఆ నాలుగు జంటలకీ అభిమానులు నాలుగు వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు. ఏ జంట ముందు కలుస్తుందని తగవులాడుకునే పిల్లలు ప్రపంచమంతా ఉన్నారు.

మా ఇంట్లో ఒకతి ఉంది. కింది వాటాలో ఒకతి ఉంది. మా అన్నయ్య కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఆదివారం ఫోనులో "అత్తా, బావున్నావా?" అని ఒక్క ముక్క నాతో అని, "దాన్ని పిలు" అంటుంది. ఇంక ముగ్గురూ గంటన్నర ఒకటే చర్చ. వచ్చే సీజన్‌లో ఏమవుతుంది? ఆవిడ చెప్తుందా? చెప్పదా? అతనికి ఎలా తెలుస్తుంది?

మా వదినలాంటి వాళ్లకి ఇక్కడే ఒళ్లు మండుతుంది. "చదువులు మానేసి ఈ ఊహాగానాలేవిటి? ఆ బొమ్మలు ఏమైతే వీళ్లకేం?" అంటారు. ఈమధ్య ఒక సాహిత్య సభలో, పెద్దవాడని అందరం గౌరవించే ఒకాయన కూడా, ఈ కాలపు పిల్లలకి కథ వినే ఓపిక లేదనీ, రాబోయే కథని ముందే ఊహించేసుకోవడం ఒక జబ్బనీ సెలవిచ్చాడు. నేను చప్పట్లు కొట్టలేదు. అక్కడ లేచి మాట్లాడే ధైర్యం చాలలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అయ్యా, కథ వినే ఓపిక లేనివాడు రాబోయే కథని ఊహించడు. ఛానెల్ మార్చేస్తాడు. ఈ సీరియల్ ఐదో సీజన్ 2023లో ముగిసింది. ఆరోది 2025లో మొదలైంది. మధ్యలో ఏడాదికి పైగా ఒక్క కథనే తిప్పితిప్పి ఆలోచించిన పిల్లలకి ఓపిక లేదంటారా? మీ నవలని అట్టమూసిన మర్నాడు తల్చుకున్నవాళ్లు ఎందరున్నారో ఒకసారి లెక్కేసుకోండి. నా నవలని కూడా కలిపే అంటున్నాను.

అసలు ఊహించడం మనకి కొత్తా? యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన వారపత్రికల్ని ఏలిన రోజుల్లో మా అమ్మా, పక్కింటి పిన్నిగారూ పిట్టగోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి చేసిన పనేవిటి? "వచ్చేవారం" అన్న చోట కథ ఆగిపోయేది. ఆ అమ్మాయి అతనికి నిజం చెప్పేస్తుందని మా అమ్మ. ఛస్తే చెప్పదు, దానికి అభిమానం ఎక్కువ అని పిన్నిగారు. పొయ్యిమీద పప్పు మాడేది. ఆ వాదన నిజానికి ఆ కథలో అమ్మాయి గురించి కాదని నాకు చాలాకాలానికిగానీ తెలియలేదు. పిన్నిగారు తన భర్తకి తన పుట్టింటి అప్పు సంగతి చెప్పాలా వద్దా అన్నది గోడమీద పెట్టి తేల్చుకుంటోందట! పైకి చెప్పుకోలేని సంగతిని కథలో అమ్మాయి మీద పెట్టి మాట్లాడుకోవడం ఆడవాళ్లకి తరతరాలుగా ఉన్న విద్య. మన పిల్లలు అదే చేస్తే మనకే చిన్నచూపా?

అన్నిటినీ వెనకేసుకొస్తానని అనుకోకండి. అభిమానుల్లో అతి లేకపోలేదు. ఫలానా జంటని కలపలేదని కథ రాసినవాళ్లని తిట్టిపోసేవాళ్లున్నారు. తెరమీద ఒక గోడ రంగు మారితే దానికి మూడు అర్థాలు తీసేవాళ్లున్నారు. ఒక్కో దేశంలో ఒక్కో వరుసలో భాగాలు ప్రసారమవుతాయి. దాంతో ఎక్కడో ముందుగా చూసినవాళ్లు వచ్చి మిగతావాళ్ల సరదా చెడగొడతారు. ఇదంతా ఉంది. మా అమ్మాయే ఒకసారి ఇంగ్లీషు పరీక్ష ముందురోజు రాత్రి పదింటిదాకా పారిస్‌లో ఉండిపోయింది. ఆ మర్నాడు నేను పెట్టిన చీవాట్లు న్యాయమైనవే.

కానీ ఉంగరం సంగతి వేరు. అది చెప్తాను.

ఆ కథలో దుష్టుడు పారిస్ నగరంలోకి నల్లని సీతాకోకచిలుకల్ని వదుల్తాడు. ఎవరికి కోపం వచ్చినా, దుఃఖం కలిగినా, అవమానం జరిగినా ఆ చిలుక వచ్చి వాలుతుంది. వాళ్లు రాక్షసులైపోతారు. అతను ఎవరంటే, అడ్రియన్ తండ్రి గాబ్రియేల్. గొప్ప ఫ్యాషన్ వ్యాపారి. భార్య ఎమిలీ స్పృహలేకుండా అద్దాల పెట్టెలో ఉంది. ఆవిడని తిరిగి బతికించుకోవాలి. అందుకు లేడీబగ్ చెవిపోగులూ, నల్లపిల్లి ఉంగరమూ రెండూ చేజిక్కాలి. రెండూ ఉన్నవాడు ఏ కోరిక కోరినా తీరుతుంది, దానికి సమానమైన మూల్యం చెల్లిస్తే. నల్లపిల్లి తన కొడుకేనని చాలాకాలం ఆయనకీ తెలియదు.

ఇక కొడుకు. బంగారంలాంటి పిల్లాడు. పియానో, కత్తియుద్ధం, చైనీస్ భాష, తండ్రి వ్యాపారానికి మోడలింగ్. అంతకుముందు బడికే వెళ్లలేదు. కథ మొదట్లోనే మొదటిసారి బడికి వెళ్లాలని పోట్లాడతాడు. అలా పోట్లాడినవాడే ఒక్కోసారి తండ్రి గట్టిగా ఒక్కమాట అనేసరికి తోకముడిచి వెళ్లిపోతాడు. పెద్దవాళ్లం చూస్తే ఏమనుకుంటాం? వదిన అన్నదే అనుకుంటాం. ఎంత బుద్ధిమంతుడు!

పిల్లలు అలా అనుకోలేదు. ఆ బుద్ధి వాళ్లకి అనుమానంగా కనిపించింది. నిన్న ఎదురుతిరిగినవాడు ఇవాళ ఇంత తొందరగా ఎందుకు లొంగాడు? తండ్రి కోపం చూసి భయపడ్డట్టు లేదే, ఏదో మీట నొక్కినట్టుందే? ఫెలిక్స్ అనే మేనత్త కొడుకో పినతల్లి కొడుకో వచ్చి (పినతల్లి కొడుకేనట, మా అమ్మాయి దిద్దింది) ఆ పెళ్లి ఉంగరాల కోసం అంతగా ఎందుకు వెంపర్లాడుతున్నాడు? ఈ ప్రశ్నలన్నీ పక్కపక్కన పేర్చి, కథలో ఎవరూ చెప్పకముందే, అభిమానులు ఒక ఊహకి వచ్చారు. అడ్రియన్ మామూలుగా పుట్టిన పిల్లాడు కాదు. నెమలి బ్రోచీ అనే ఇంకో మహిమగల నగతో సృష్టించిన పిల్లాడు. అతని ప్రాణం ఆ పెళ్లి ఉంగరాల్లో ఉంది. ఉంగరం ఎవరి దగ్గరుంటే వాళ్ల ఆజ్ఞని అతను కాదనలేడు. ఐదో సీజన్‌లో ఫెలిక్స్ దీన్నంతా ఒక నాటకంలా ఆడి చూపించేసరికి, ఆ ఊహ అక్షరాలా నిజమైంది.

నేను కథలు రాసి బతికేదాన్ని. ఈర్ష్యతోనే చెప్తున్నాను, అంత శ్రద్ధగా చదివే పాఠకులు నాకు లేరు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథ మన పిల్లలకి కొత్తకాదు. కానీ అక్కడ ప్రాణం దాచుకున్నవాడు దుర్మార్గుడు. ఇక్కడ కొడుకు ప్రాణం తండ్రి వేలికి ఉంది! ఆ తండ్రి దాన్ని ప్రేమే అనుకుంటున్నాడు. పదీ పన్నెండేళ్ల పిల్లలు ఆ తేడాని పట్టుకున్నారు. విధేయతకీ మంచితనానికీ మధ్య సందు ఉందని పసిగట్టారు. మనం ఎన్ని ఇళ్లలో, ఎన్ని పెళ్లిచూపుల్లో, "మా వాడు మా మాట జవదాటడండీ" అన్న మాట విని తృప్తిగా కాఫీ తాగి వచ్చాం? ఒక్కరమైనా అతని తండ్రి వేళ్లకేసి చూశామా?

సరే, ఐదో సీజన్ చివర ఏమైంది? కొడుకుని లండన్ పంపించేశారు. అతను లేనప్పుడు ఆఖరి యుద్ధం జరిగింది. గాబ్రియేల్ తన కోరిక తీర్చుకున్నాడు. అతను చచ్చిపోయాడు, అతని దగ్గర పనిచేసే నాథలీ బతికింది. లోకానికి మాత్రం ఏం తెలిసిందంటే, ఆ దుష్టుణ్ణి ఎదిరించి గాబ్రియేల్ వీరమరణం పొందాడని! ఊళ్లో విగ్రహం కూడా పెట్టారు. నిజం తెలిసిన మారినెట్, అడ్రియన్‌కి చెప్పలేదు. ఆ పిల్లాడు తండ్రిని వీరుడనుకుంటూ, ఆమె చెయ్యి పట్టుకుని నవ్వుతూ ఉంటాడు.

అదీ పిల్లల్ని ఏడాదికి పైగా నిద్రపోనివ్వని ప్రశ్న. వచ్చే సీజన్‌లో చెప్తుందా?

ఆరో సీజన్‌లో ఏం జరిగిందో నేనిక్కడ చెప్పబోవడం లేదు. చూడనివాళ్లు చూసుకుంటారు. ఆ ఏడాది పిల్లలు ఏం మాట్లాడుకున్నారన్నదే నాకు ముఖ్యం. మా ఇంట్లో రెండు పార్టీలు. కింది వాటా అమ్మాయి, "చెప్పకూడదు ఆంటీ. పాపం, ఇప్పుడే కాస్త సంతోషంగా ఉన్నాడు" అంటుంది. మారినెట్ చేసింది త్యాగమని దాని ఉద్దేశం. డల్లాస్ పిల్ల, "చెప్పి తీరాలి. ఎవరో చెప్తే విన్నప్పుడు ఇంకా కష్టంగా ఉంటుంది" అంటుంది. మా అమ్మాయి చాలారోజులు ఏ పార్టీలోనూ చేరలేదు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "అమ్మా, నాన్న గురించి అలాంటిదేదైనా ఉంటే నువ్వు నాకు చెప్తావా?" అంది.

వాళ్ల నాన్న పాపం ఆ పక్కనే కూచుని గోళ్లు తీసుకుంటున్నాడు. ఉలిక్కిపడ్డాడు.

నేను వెంటనే "చెప్తాను" అనలేకపోయాను. ఎందుకనలేకపోయానా అని చాలాసేపు ఆలోచించాను. అప్పుడు మా ఇంట్లో ఉన్న విగ్రహం గుర్తొచ్చింది.

మా తాతయ్య ఫొటో మా అమ్మ ఇంట్లో హాల్లో ఉంటుంది. గంధపు దండ, పైన చిన్న బల్బు. మా అమ్మ 1974లో ఇంటర్ పాసయింది. బి.ఎస్సీ.కి పట్నంలో కాలేజీకి దరఖాస్తు పెట్టింది. సీటు రాలేదు. రెండేళ్లకి పెళ్లయింది. "నాకంత తెలివి ఎక్కడేడిచింది" అని అమ్మ నవ్వుతూ అనే మాట నా చిన్నప్పట్నించీ వింటూనే ఉన్నాను. నా లెక్కల పుస్తకం ఎప్పుడూ తెరిచేది కాదు, నాకు రాదుగా అనేది. 2009లో తాతయ్య పోయాడు. పన్నెండోరోజు అయ్యాక పెట్టె సర్దుతుంటే ఖాతా పుస్తకం మధ్యలో ఒక కార్డు దొరికింది. కాలేజీ నించి వచ్చినది. సీటు ఇచ్చాం, ఫలానా తేదీలోగా వచ్చి చేరమని.

అమ్మమ్మకి మొదట్నించీ తెలుసట. "ఎందుకు చెప్పలేదే?" అంటే, "తండ్రిమీద గౌరవం పోతుందని" అంది. ఆవిడ అబద్ధమాడలేదు. నిజంగా అందుకే చెప్పలేదు. కూతురి మనసు కాపాడాననే అనుకుంది. ఆ కాపాడ్డంలో కూతురు ముప్పై అయిదేళ్లు తనకి తెలివిలేదని నమ్మింది.

అందుకే చెప్తున్నాను, మారినెట్ చేసింది త్యాగం కాదు. ఎంత ప్రేమతో చేసినా సరే. గాబ్రియేల్ చచ్చిపోతూ ఉంగరం వదిలేశాడు గానీ, ఆ పిల్లాడికి ఏం తెలియాలి, ఏం తెలియకూడదు అన్నది నిర్ణయించే హక్కుని ఆమె అందుకుంది. లోహం లేని ఉంగరం అది. "తట్టుకోలేడు" అంటారు. ఎవరు తేల్చారు? రోజూ రాక్షసులతో తలపడే కుర్రాడు ఒక నిజాన్ని తట్టుకోలేడా? ఆ పారిస్‌లో కోపం వస్తే సీతాకోకచిలుక వచ్చి వాలుతుంది కాబట్టి ఎవరూ కోపగించుకోకూడదు. అందులో అందరికంటే న్యాయంగా కోపం రావలసినవాడు అడ్రియన్. ఆ కోపాన్నే అతనికి లేకుండా చేశారు. తండ్రి విగ్రహానికి పూలు పెట్టమన్నారు.

కథ రాసినవాళ్లు తప్పు చేశారనడం లేదు. బహుశా ఈ గొడవ పుట్టాలనే అలా ఆపి ఉంటారు. పాత్ర తప్పు చేయకపోతే కథే లేదు. కానీ ఆ తప్పుని తప్పు అని గుర్తుపట్టి, నెలల తరబడి పోట్లాడుకున్నవాళ్లు పిల్లలు. "ఆ బొమ్మలు ఏమైతే వీళ్లకేం" అన్నవాళ్లం మనం.

ఆ వేసవిలోనే మా అమ్మ వచ్చింది. వదిన ఇంకా ఉంది. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయి ఈ కథంతా అమ్మమ్మకి చెప్పుకొచ్చింది. ఉంగరం సంగతి, లండన్ సంగతి, విగ్రహం సంగతి. నేను వంటింట్లో పాలు తోడుపెడుతూ వింటున్నాను. కార్డు సంగతి మా అమ్మాయికి అప్పటికి తెలియదు.

"వాడికి నిజం ముందే చెప్పి ఉంటే మాత్రం ఏం చేసేవాడే, పిచ్చిమొహమా? తండ్రి ఎలాగూ పోయాడుగా" అంది వదిన.

"ఏం చేసినా చెయ్యకపోయినా" అంది అమ్మ, "కనీసం కోపగించుకునేవాడు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అమ్మే అడిగింది.

"ఇంతకీ ఆ పిల్ల, వచ్చేసారి చెప్తుందంటావా?"

"చెప్తుందనుకుంటున్నా అమ్మమ్మా. కానీ ఎలా చెప్తుందో తెలీడం లేదు. ఉత్తరం రాసి పెట్టేస్తుందని మా డల్లాస్ అక్క అంటోంది."

"ఉత్తరం వద్దు" అంది అమ్మ. "అవి ఎవరి చేతుల్లో పడతాయో! పక్కన కూచుని చెప్పాలి. పొద్దుటిపూట చెప్పాలి. రాత్రయితే నిద్రపట్టదు."

మా అమ్మాయి నోట్‌బుక్కు తెచ్చుకుని ఆ మాటలు రాసుకుంది. వదిన వత్తుల బుట్ట పక్కకి నెట్టి, "ఆ లండన్ ముక్క మళ్లీ చెప్పవే, నేను సరిగ్గా వినలేదు" అంది.